పెంపుడు జంతువులు – శ్రావకుని అయిదు అతిచారములు

జైన గృహములలో జీవదయ అనగానే పింజరాపోలుకు ఇచ్చు చందా, పావురములకు చల్లు జొన్నలు, ఆవులకు వేయు పచ్చగడ్డి జ్ఞప్తికి వచ్చును. ఇవన్నియు పుణ్యకార్యములే. కాని ఇవి ఇంటి వెలుపల జరుగునవి. గిడ్డంగి వాకిట కట్టివేసిన కుక్క సంగతి, వసారాలో వ్రేలాడు పంజరములోని చిలుక సంగతి, బియ్యపు బస్తాల నడుమ ఎలుకల కొరకు వదలిన పిల్లి సంగతి ఆ లెక్కలోనికి వచ్చుట అరుదు. చందా రసీదు పెట్టెలో భద్రముగా ఉండును. కుక్కకు టీకా వేయించిన తేది ఇంటిలో ఎవరికిని గుర్తుండదు.

పొన్నేరి వంటి ఊరిలో ఈ విషయము మరింత ఆలోచింపదగినది. చుట్టును వరిపొలములు, బజారులో ధాన్యము దించు బండ్లు, గిడ్డంగులు. ఇక్కడనే గాక గుమ్మిడిపూండి, తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు ఊళ్ళలోను వ్యాపారులు కావలికి కుక్కను ఉంచుకొనుట వాడుక. ఎండాకాలమున ఎండ భరింపరానిది. వానకాలమున ఆరణియారు పొంగును. ఇట్టి చోట మూగజీవిని చేరదీసిన గృహస్థుడు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునది శాస్త్రమునందును కలదు, పశువైద్యమునందును కలదు. ఈ రెండు మాటలును చాలవరకు ఒక్కటేయని తెలుపుట ఈ పాఠము ఉద్దేశము.

శాస్త్రము చెప్పినది

ఉపాసకదశాంగ సూత్రమునందు మొదటి చరిత్ర ఆనందుడను గృహస్థునిది. వాణిజ్యగ్రామమున నివసించిన ఈ ధనవంతునకు నాలుగు గోకులములు ఉండెను. ఒక్కొక్క గోకులమున పదివేల గోవులు. ఆయన భగవాన్ మహావీరుని సన్నిధిలో శ్రావక వ్రతములు గ్రహించెను. ఆ సందర్భముననే మొదటి వ్రతమైన అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు, అనగా వ్రతమునకు మచ్చ తెచ్చు అయిదు దోషములు, చెప్పబడినవి. అవి బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయమునందును ఈ అయిదే చెప్పబడినవి. కావున దిగంబరులకును శ్వేతాంబరులకును ఇందు భేదము లేదు.

ఈ అయిదింటిలో చంపుట అను మాట లేకుండుట గమనింపదగినది. ఇక్కడ వధ యనగా కొట్టుట. ఒక్క ప్రాణిని చంపనివాడు కూడ త్రాడుతోను, కఱ్ఱతోను, ఖాళీ గిన్నెతోను వ్రతభంగము చేయవచ్చునని దీని భావము. ఇంకొక విశేషము కలదు. అడవిలోని లేడిని ఎవరును కట్టివేయరు, దానికి మేత మాన్పరు, బరువు ఎత్తరు. ఈ దోషములు తన అధీనమున ఉన్న ప్రాణిపట్ల యజమానుడే చేయదగినవి. నలువదివేల గోవులు గల గృహస్థునకు చెప్పిన ధర్మము ఒక్క కుక్క గల గృహస్థునకును వర్తించును. ఇంటికి తెచ్చుకొననంత వరకు ఆ ప్రాణి తన ఆహారము తాను వెదకుకొనును. తెచ్చుకొన్న దినము మొదలు దాని ఆకలి, దప్పి, నొప్పి యజమానుని ఖాతాలోనివి.

మొదటిది: బంధము

కట్టుట అంతయు దోషము కాదు. బండ్లు తిరుగు రహదారి ప్రక్కన ఇల్లు గలవారు కుక్కను కట్టక తప్పదు. కదలుటకు వీలు లేకుండ కట్టుట, కోపముతో కట్టుట, కట్టి మరచిపోవుట దోషము. అగ్నిప్రమాదము వచ్చినప్పుడు వెంటనే విప్పుటకు వీలగునట్లు ముడి వదులుగా ఉండవలెనని పూర్వపు వ్యాఖ్యాతలు చెప్పియున్నారు. కట్టకయే నిలుచు జంతువులను ఉంచుకొనుట శ్రావకునకు మేలని కూడ వారి మాట.

మెడపట్టీకిని మెడకును నడుమ రెండు వ్రేళ్ళు దూరవలెను. కుక్కపిల్ల పెరుగుకొలది పట్టీని వదులు చేయనిచో అది చర్మములోనికి దిగి పుండగును. గొలుసు బరువుగాను పొట్టిగాను ఉండరాదు. నీడ, నీరు గొలుసుకు అందునంత దూరమున ఉండవలెను. ఉదయమొకసారి, సాయంకాలమొకసారి నడిపింపవలెను. మితిమీరి పొట్టియైన లేక బరువైన గొలుసుతో చిరకాలము కట్టియుంచుటయు, ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను నడిపింపకుండుటయు 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరములు.

ధాన్యపు వ్యాపారులు ఒక విషయము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. బస్తాలకు పురుగు పట్టకుండ ఉంచు అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు గాలిలోని తడి తగిలి విషవాయువు విడుచును. మాత్రలు పెట్టి మూసిన గిడ్డంగిలో గాని, దాని తలుపు ప్రక్కన గాని కుక్కను, పిల్లిని ఉంచరాదు. మనుష్యులును ఆ చోట నిద్రింపరాదు. ఎలుకల మందు కలిపిన పిండి ఉన్న చోట కూడ పెంపుడు జంతువులను వదలరాదు. మందు తిన్న ఎలుకను నోట కరచినను వానికి ప్రమాదమే.

పక్షుల విషయమున మాట సులభము. రామచిలుకను, గోరువంకను, నక్షత్ర తాబేలును పట్టుకొనుట, అమ్ముట, ఇంటిలో ఉంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నిషిద్ధము. తాతల కాలము నుండి ఇంటిలో చిలుక కలదనుట సమాధానము కాదు. చాలకాలము పంజరమున ఉన్న చిలుకను తలుపు తీసి వదలినచో అది ఎగురలేక కాకులకు చిక్కును. దానిని అటవీశాఖ వారికి అప్పగింపవలెను.

పర్వదినములలో సంతనుండి పక్షులను కొని విడిచిపెట్టు ఆచారము కొందరిలో కలదు. ఉద్దేశము మంచిదే. కాని గిరాకి ఉన్న సరుకు మరల మరల సంతకు వచ్చునని వ్యాపారులకు వేఱుగ చెప్పనక్కరలేదు. పది పక్షులను కొన్నవాడు మరి పది పక్షులకు వల పన్నించినవాడగును. ఢిల్లీలో చాందినీ చౌక్ నందలి దిగంబర జైన లాల్ మందిరమున ఉన్న పక్షుల ఆసుపత్రి ఇంతకంటె మేలైన మార్గము చూపుచున్నది. 1957 నుండి ఇప్పటి భవనమున నడచుచున్న ఆ ఆసుపత్రిలో గాయపడిన పక్షులకు చికిత్స చేసి, కోలుకొన్నవానిని ఆకాశములోనికి విడుతురు. పక్షుల కొరకు కేటాయించిన సొమ్ము ఇట్టి చికిత్సకు చేరినచో ఏ పక్షియు కొత్తగా వలలో పడదు.

రెండవది: వధ

కుక్కను కొట్టి నేర్పవచ్చునను నమ్మకము తప్పు. చేసిన కొంతసేపటికి కొట్టినచో ఏ పనికి కొట్టితిరో దానికి తెలియదు. కొట్టువాని చేయి మాత్రము గుర్తుండును. అట్లు భయపడిన కుక్కయే ఒకనాడు ఇంటి పసివానిని కరచును. చెప్పినట్లు చేసినప్పుడు చిన్న రొట్టెముక్క యిచ్చి మెచ్చుకొన్నచో కొలది దినములలో అది నేర్చుకొనును. పిల్లలకు కూడ తోక లాగుట, చెవి మెలిపెట్టుట, తినునప్పుడు గిన్నె తీయుట, నిద్రించునప్పుడు మీద పడుట కూడదని మొదటినుండియు చెప్పవలెను.

దెబ్బ చేతితోనే తగలనక్కరలేదు. మనుష్యుని చెవికంటె కుక్క చెవి చురుకైనది. దీపావళినాటి టపాకాయల మ్రోతకు బెదరి గొలుసు తెంచుకొని పారిపోయి బండ్ల క్రింద పడు కుక్కలు ప్రతి ఊరను కలవు. దీపావళి భగవాన్ మహావీరుని నిర్వాణ దినము. ఆనాడు జైన గృహమున బాణసంచా లేకుండుటయే యుక్తము. ఇరుగుపొరుగు వారు కాల్చునప్పుడు కుక్కను లోపలి గదిలో ఉంచి, కిటికీలు మూసి, ఎవరైన దాని దగ్గర కూర్చుండవలెను.

మూడవది: ఛవిచ్ఛేదము

అవయవములను కోయుట ఛవిచ్ఛేదము. అందము కొరకు కుక్క చెవులు కత్తిరించుట, తోక నరకుట ఈ దోషమే. చెవి, తోక కుక్కకు భాష వంటివి. అట్టి కుక్కపిల్ల కావలెనని అమ్మువానిని అడుగరాదు.

ఇక్కడ ఒక ధర్మసందేహము కలదు. సంతానము కలుగకుండ చేయు శస్త్రచికిత్స ఛవిచ్ఛేదము కాదా యని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. పుండును కోసి మాన్పుట దోషము కాదని, నిష్కారణముగాను నిర్దయగాను కోయుటయే దోషమని వ్యాఖ్యాతలు విభజించి చెప్పిరి. ఆడకుక్క సంవత్సరమునకు రెండు మారులు ఈనవచ్చును. ఒక్కొక్క ఈతకు నాలుగైదు పిల్లలు, కొన్నిటికి అంతకు మించియు పుట్టును. వానిని అడుగువారు ఒకరిద్దరు. తక్కినవి గోనెసంచిలో ఎక్కి ఏ సంతబయటనో దిగును. వానిలో చాలవరకు ఆకలికిని, వ్యాధికిని, బండ్లకును బలియగును. మత్తుమందిచ్చి, నొప్పి తెలియకుండ, పశువైద్యుడు ఒక్కసారి చేయు చికిత్స ఈ బాధనంతయు ఆపును. ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టు ప్రమాదము కూడ దీనితో తొలగును. అట్లు చేయించుటకు మనస్సు అంగీకరింపని గృహస్థుడు ఋతుకాలమున దానిని వేఱుగా కాపాడవలెను. పుట్టిన ప్రతి పిల్లకును తానే ఇల్లు చూపవలెను. ఈ రెండింటిలో ఏదియు చేయక ఊరకుండుట దయ యనిపించుకొనదు.

వీధికుక్కల వివాదము: అహమ్మదాబాదు, మద్రాసు

ఈ విషయమున జైన సమాజము ఒకప్పుడు తీవ్రముగా వాదించుకొన్నది. 1926 లో అహమ్మదాబాదున, జైన కుటుంబమున పుట్టిన మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి తన మిల్లు ఆవరణలో తిరుగుచున్న అరువదికి పైగా కుక్కలను, పిచ్చికుక్కల భయముచేత, చంపించెను. నగరమున పెద్ద అలజడి కలిగెను. జీవదయా సంఘము వారు గాంధీజీని అడిగిరి. ఆయన యంగ్ ఇండియా పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసెను. వేఱు దారి లేనప్పుడు పిచ్చికుక్కలను చంపుట తక్కువ పాపమని ఆయన అభిప్రాయము. దీనిని అనేకులు ఖండించిరి. నేటికిని చాలమంది జైనులు దీనిని ఒప్పుకొనరు.

కాని ఆ వ్యాసములలో ఇంకొక మాట కలదు. దానిని త్రోసిపుచ్చుట కష్టము. యజమానుడు లేని కుక్క వీధిలో ఉండుట సమాజపు దోషమని, దారిన పోవు కుక్కకు రొట్టెముక్క విసరి అంతటితో ధర్మము తీరినదనుకొనుట సరి కాదని, నిజముగా దయ గలవారు కుక్కలను పెంచు భారము వహింపవలెనని ఆయన చెప్పెను. చంపుట తప్పు అనువాడు మరి ఏమి చేయవలెనో కూడ చెప్పవలసియుండెను.

ఆ సమాధానము దక్షిణమున, పొన్నేరికి దగ్గరనే, మద్రాసు నగరమున దొరకినది. 1959 లో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ 1964 లో వీధికుక్కలకు సంతాననిరోధ చికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడుచు పద్ధతిని ప్రారంభించెను. కుక్కలను పట్టి చంపు పాత పద్ధతికి బదులు దీనిని అనుసరించుటకు మద్రాసు నగరపాలక సంస్థ 1996 లో అంగీకరించెను. 2001 లో కేంద్ర ప్రభుత్వము ఇదే మార్గమున నియమములు చేసెను. 2023 లో వాని స్థానమున కొత్త నియమములు వచ్చినవి. చంపకయే కుక్కల సంఖ్యను, పిచ్చివ్యాధిని తగ్గింపవచ్చునని ఈ పద్ధతి ఆధారము. దీనికి చేయూత నిచ్చుట 1926 లో అడిగిన ప్రశ్నకు అహింసామార్గమున చెప్పు జవాబు.

నాలుగవది: అతిభారారోపణము

మోయగలిగినదానికంటె తక్కువ బరువే ఎత్తవలెనని పెద్దలు చెప్పిరి. ఇంటి కుక్క బండి లాగదు. అయినను దానిపై వేఱు బరువులు పడుచున్నవి. మంచుదేశముల కుక్కను దట్టమైన బొచ్చుతో తెచ్చి కర్తరి ఎండలలో పొన్నేరిలో ఉంచుట ఒక బరువు. కుక్కకు మనుష్యునివలె ఒళ్ళంత చెమట పట్టదు. నాలుక చాచి వగర్చుటయే దానికి చల్లబడు మార్గము. ముక్కు అణగియున్న జాతులకు అదియు కష్టమే. రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కొంబై మొదలగు జాతులు తమిళదేశపు ఎండకు పుట్టుకతోనే అలవాటుపడినవి. వీధిలో దొరకు నాటుకుక్క పిల్లయు అట్టిదే. దానిని చేరదీయుట వలన ఒక ప్రాణము నిలుచును, సొమ్మును మిగులును. అమ్మకము కొరకు ఆడకుక్కచేత విరామము లేక పిల్లలను పెట్టించు వ్యాపారికి ధనమిచ్చుట ఆ దోషములో పాలు పంచుకొనుట.

ఎండాకాలమున ఉదయము తొమ్మిది గంటలలోపున, సాయంకాలము పొద్దు వాలిన తరువాత మాత్రమే కుక్కను నడిపింపవలెను. అరచేతి వెనుక భాగము రోడ్డుపై అయిదు క్షణములు ఆనింపలేనంత వేడి యుండినచో దాని పాదములు కాలును. మూసిన కారులో కొలది నిమిషములైనను విడువరాదు. వగర్పు ఎక్కువై, చొంగ కారి, తూలుచున్నచో నీడకు తెచ్చి, ఒంటిని చల్లని నీటితో తడిపి, గాలి విసరి, వెంటనే వైద్యుని వద్దకు కొనిపోవలెను.

అయిదవది: అన్నపాన నిరోధము

తన్ను ఆశ్రయించినవారు తిన్న తరువాత తాను తినుట శ్రావకుని ఆచారము. జైన గృహములలో ఈ విషయమున తెలియకయే కొన్ని పొరపాట్లు జరుగుచున్నవి.

సూర్యాస్తమయము లోపల భోజనము ముగించు ఇండ్లలో కుక్కకు కూడ ఆ వేళకే పెట్టుట మంచిదే. కాని నీటిగిన్నె రాత్రియంతయు నిండుగా ఉండవలెను. పర్యూషణములోను, దశలక్షణ పర్వములోను ఇంటివారు ఉపవసించి, పొయ్యి వెలిగింపని దినములలో జంతువు పస్తుండరాదు. ఉపవాసము తెలిసి, ఇష్టపడి చేయునది. కుక్కకు అట్టి ప్రత్యాఖ్యానము లేదు. దానికి అది ఆకలి మాత్రమే.

కుక్క శాకాహారముతో జీవింపగలదు. అయితే పెరుగన్నమొక్కటే చాలదు. పప్పు, సోయా, పనీరు వంటివి చేర్చి, లోపించు విటమినులు, సున్నపు ధాతువు పశువైద్యుని అడిగి ఇయ్యవలెను. ఎదుగు పిల్లకు వట్టి అన్నము పెట్టినచో కాళ్ళ ఎముకలు వంగును. కుక్కల కొరకు తయారైన శాకాహారము డబ్బాలలోను సంచులలోను దొరకుచున్నది. ఉల్లి, వెల్లుల్లి కుక్కకును పిల్లికిని రక్తమును పాడుచేయును. జైన వంటయింట అవి ఉండవు గాని, వెలుపలి హోటలు మిగులు అన్నమున ఉండును. ద్రాక్షపండ్లు, కిస్మిస్సులు కుక్క మూత్రపిండములను చెరచును. కావున కిస్మిస్ వేసిన పండుగ మిఠాయి, ఖీరు పెట్టరాదు. చాక్లెట్టు, చక్కెరకు బదులు జైలిటాల్ వేసిన మిఠాయి విషతుల్యములు.

పిల్లి సంగతి వేఱు. దాని దేహమునకు టారిన్ అను పదార్థము తప్పక కావలెను. కావలసినంత టారిన్‌ను పిల్లి శరీరము తయారుచేసికొనలేదు. అది మాంసమునందు కలదు, పాలు అన్నములలో చాలినంత లేదు. పాలన్నముతోనే పెంచిన పిల్లికి కాలక్రమమున కంటిచూపు పోవును, గుండె బలహీనపడును. ఎదిగిన పిల్లులకు చాలవరకు పాలు కూడ సరిగా జీర్ణము కావు. ఇంటిలో మాంసము అడుగిడరాదనువారు పిల్లిని పెంచుటకు పూనుకొనకుండుటయే ధర్మము. టారిన్ చేర్చిన ప్రత్యేకాహారము కొన్ని చోట్ల దొరకును గాని, పశువైద్యుని పర్యవేక్షణ లేనిదే దానిని నమ్మరాదు. ఎలుకలకొరకు గిడ్డంగిలో పిల్లిని పస్తుంచుట అన్నపాన నిరోధమే గాక, ఎలుకల హింసకు దానిని పనిముట్టు చేయుట కూడ. గోడల రంధ్రములు మూసి, బస్తాలను నేలకు ఎత్తున బల్లలపై పేర్చి, చిందిన గింజలను ప్రతిదినము ఊడ్చినచో ఎలుకల బెడద చాలవరకు తగ్గును.

పురుగులు, పిడుదులు: కఠినమైన ప్రశ్న

పిడుదులకు మందు పూసిన అవి చచ్చును. కడుపులోని పురుగులకు మాత్ర వేసిన అవియు చచ్చును. ఒక జీవికొరకు అనేక జీవులను చంపుట ఎట్లు? ఈ సంకోచముచే మందు మానినందున కుక్కలు రక్తము క్షీణించి చనిపోవుట కలదు. పిడుదులవలన కలుగు జ్వరము ప్రాణాంతకము. కుక్క కడుపులోని పురుగులు ఆటలాడు పిల్లలకును అంటును.

గృహస్థుని హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ యని నాలుగుగా చెప్పుదురు. చంపవలెనను కోరికతో చేయు సంకల్ప హింసను గృహస్థుడు పూర్తిగా విడువవలెను. తక్కినవానిని యత్నముతో, అనగా జాగరూకతతో, సాధ్యమైనంత తగ్గింపవలెను. ఇక్కడ యత్నమునకు అర్థము ముందు జాగ్రత్త. ప్రతిదినము దువ్విన కుక్కపై పిడుదులు నిలువవు. పడుకొను గోనెను వారమునకొకసారి ఉతికి ఎండవేసినచో, గోడల నెఱ్ఱెలు పూడ్చినచో అవి పెరుగవు. పిడుదులు వేలకొలది కాకమునుపే క్రమముగా మందు వాడుటవలన చచ్చునవి కొలదిగా ఉండును. ఉపేక్షించి ఒళ్ళంత పట్టిన తరువాత మందు వాడినవాడు హింసను పెంచినవాడగును. పిల్లలకు పుట్టిన కొలది వారములనుండియు పురుగుల మందు ఎప్పుడెప్పుడు ఇయ్యవలెనో వైద్యుడు చెప్పును.

టీకాలు, పిచ్చికుక్క వ్యాధి

కుక్కపిల్లకు ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున పార్వో, డిస్టెంపర్ వ్యాధులకు టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండువరకు మూడు నాలుగు వారములకొకసారి మరల వేయింపవలెను. మూడు నెలల వయస్సున పిచ్చికుక్క వ్యాధికి టీకా, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట. 1903 లో ఏర్పడిన మద్రాసు పశువైద్య కళాశాలకు వేపేరిలో ఆసుపత్రి కలదు. పొన్నేరి వారికి అది దూరము కాదు. సామాన్య వ్యాధులకు దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలయే చాలును.

కుక్క గాని, పిల్లి గాని కరచినను, గీచినను, తన ఇంటిదే యని ఉపేక్షింపరాదు. వెంటనే సబ్బుతో పదునైదు నిమిషములు ధారగా పారు నీటిలో కడుగవలెను. పసుపు, కారము, సున్నము, కాఫీపొడి పెట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. లోతైన గాయమైనచో టీకాతో పాటు గాయములోనే వేయు మందు ఇంకొకటి కలదు. 1885 లో పాస్చర్ ఈ టీకాను మొదట ఒక బాలునకు వేసెను. 1907 లో కూనూరున పాస్చర్ సంస్థ ఏర్పడకమునుపు దక్షిణ దేశమువారు చికిత్సకు కసౌలీ వరకు పోవలసియుండెడిది. బొడ్డు చుట్టు వేయు పదునాలుగు సూదులు ఇప్పుడు లేవు. ప్రభుత్వ ఆసుపత్రిలో చేతికి కొలది సూదులు వేయుదురు. చెప్పిన తేదీలలో ఒక్కటియు తప్పరాదు. వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత బ్రదుకుట దాదాపు అసాధ్యము.

వరద వచ్చినప్పుడు

పిచ్చాటూరు జలాశయము నిండి నీరు వదలినప్పుడు ఆరణియారు పొన్నేరి ప్రాంతమునకు పొంగి వచ్చును. 2015 నవంబరు, డిసెంబరు వరదలను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానును ఈ జిల్లా వారు మరువలేదు. ఇల్లు విడిచిపోవునప్పుడు జంతువును వెంట తీసికొనిపోవలెను. అది ఎంతమాత్రము వీలు కానిచో గొలుసు విప్పి, మేడమెట్లకు దారి తెరచి, ఎత్తున ఆహారము, నీరు ఉంచి పోవలెను. కట్టిన కుక్క నీటిలో ఈదలేదు. అగ్నిప్రమాదమున విప్పదగిన ముడి వేయుమన్న పెద్దల మాట వరదకును వర్తించును. వాన మొదలగు మునుపే టీకా కాగితములు తడవని సంచిలో పెట్టి, ఎక్కడికి పోవలెనో ముందుగా అనుకొనవలెను.

ముసలితనము

కుక్క పది పదునాలుగేండ్లు బ్రదుకును. చివరి రెండు మూడేండ్లు చూపు తగ్గి, కీళ్ళు పట్టి, పడుకొన్నచోటనే తడుపును. వీధిలో విడిచి వచ్చుట ఎక్కువగా ఈ కాలముననే జరుగును. 1906 లో ఏర్పడిన మద్రాసు పింజరాపోలు అయనావరమున గోవులకు ఆశ్రయ మిచ్చుచున్నది. అట్టి సంస్థలు దిక్కులేని జీవులకొరకు ఏర్పడినవి. ఇల్లున్న జీవిని చందాతో కలిపి అప్పగించుటకు కాదు.

1928 లో సబర్మతీ ఆశ్రమమున మాన్పరాని బాధ పడుచున్న దూడకు గాంధీజీ విషపు సూది వేయించినప్పుడు జైనులు గట్టిగా ఆక్షేపించిరి. ఆయుష్షు తీర్చు అధికారము మనుష్యునకు లేదనునది వారి పక్షము. ఆ పక్షము వహించువారిపై ఒక బాధ్యత నిలుచును. నొప్పి తగ్గించు మందు, మెత్తని పడక, పుండ్లు పడకుండ పూటపూటకు ప్రక్క మార్చుట, నోటికి అందించు నీరు – ఇవి చివరి దినము వరకు ఇయ్యవలెను. చంపరాదని పలికి, బాధతో విడిచిపెట్టుట రెండు పక్షములకును చెల్లదు.

ఒక చిన్న ఖాతా

దీపావళికి కొత్త ఖాతాపుస్తకము పూజించు ఇంటిలో పెంపుడు జంతువుకు కూడ ఒక చిన్న పుస్తకము తెరచుట కష్టము కాదు. పుట్టిన లేక ఇంటికి తెచ్చిన తేది, టీకాల తేదులు, మరల వేయింపవలసిన తేది, పురుగుల మందు, నెలకొకసారి బరువు, వైద్యుని టెలిఫోను నంబరు – ఇంతే వ్రాయవలసినది. ఇంటిలోని పిల్లవానికి ఈ పని అప్పగించినచో లెక్క వ్రాయుటయు, దయయు ఒకేసారి నేర్చుకొనును. బాకీదారుని ఋణదాత వచ్చి అడుగును. ఈ మూగజీవి అడుగలేదు. కనుక దాని తేదులను యజమానుడే చూచుకొనవలెను.

సంవత్సరీనాడు సకల జీవులను క్షమాపణ కోరుదురు. ఆ దినమునకు మునుపే గొలుసు పొడుగు, గిన్నెలోని నీరు, పుస్తకములోని తేదులు ఒకసారి సరిచూచుకొన్న గృహస్థునకు తన ఇంటి జీవిని క్షమాపణ కోరుటకు అర్హత కలుగును.